చావులేని యజమాని: బంగారు గని దొర మేడ ఇండోనేషియా ఎంబసీ ఎలా అయింది?

వాషింగ్టన్‌లో డూపాంట్ సర్కిల్ మెట్రో దిగి మసాచుసెట్స్ అవెన్యూ వెంట వాయవ్య దిక్కుగా మూడు నాలుగు నిమిషాలు నడిస్తే, రోడ్డు పక్కన దాదాపు పదహారడుగుల సరస్వతీదేవి కనిపిస్తుంది. నాలుగు చేతులు, తెల్లని మేను, బంగారు రంగు నగలు. జనాభాలో ఎనభై శాతానికి పైగా ముస్లింలున్న ఇండోనేషియా, బాలి శిల్పుల చేత చేయించి 2013లో అక్కడ నిలిపిన విగ్రహం అది. మనవాళ్లు ఆగి ఫొటో దిగేది ఆమె దగ్గరే. వెనకున్న నాలుగంతస్తుల మేడ వైపు పెద్దగా తల తిప్పరు.

ఆ మేడ డోర్ నంబరు 2020. థామస్ వాల్ష్ అనే గని యజమాని 1901–03 మధ్య కట్టించాడు. అరవై గదులు. అయిన ఖర్చు 8,35,000 డాలర్లు. 1951 డిసెంబరులో ఇండోనేషియా ప్రభుత్వం దాన్ని కొన్న ధర 3,35,000 డాలర్లు. కట్టిన నాటికీ కొన్న నాటికీ మధ్య డాలరు విలువ సుమారు మూడో వంతుకు కరిగిపోయింది. ఆ లెక్క కూడా వేస్తే, కట్టినప్పటి ఖర్చులో ఏడో వంతుకే ఇల్లు చేతులు మారినట్టు. రాజధాని నడిబొడ్డున, పేరున్న వీధిలో, గోడలు చెక్కుచెదరని ఇల్లు అంత చవకగా ఎందుకు పోయింది? కొన్నది ఒక విదేశీ ప్రభుత్వమే ఎందుకైంది? కొన్నాక ఆ నేల ఎవరిది?

మూడు ప్రశ్నలకూ ముడి ఒకచోటే ఉంది. ఇలాంటి మేడను మనిషి నిలబెట్టుకోలేడు, రాజ్యం నిలబెట్టుకోగలదు. రాజ్యం చచ్చిపోదు కాబట్టి వారసత్వ పన్ను కట్టే రోజు రాదు. ఇంటిపన్నూ ఉండదు. పైగా విందులివ్వడం దాని కొలువులో భాగం.

విందు కోసం కట్టిన ఇల్లు

వాల్ష్ 1850లో ఐర్లండ్‌లోని టిప్పరరీ ప్రాంతంలో పుట్టాడు. వడ్రంగం నేర్చుకుని 1869లో అమెరికా చేరాడు. 1896లో కొలరాడోలోని యురే పట్టణం దగ్గర, పాత గనులు వదిలేసిన రాళ్లలో బంగారం ఉందని కనిపెట్టాడు. ఆ క్యాంప్ బర్డ్ గనిని 1902లో లండన్ వ్యాపారులకు 50 లక్షల డాలర్లకు పైగా ధరకు అమ్మాడు. ఇల్లు కట్టి చూడు అన్న మాటకు అతను జడిసే స్థితిలో లేడు.

ఇంటి నక్షా హెన్రీ ఆండర్సన్ అనే న్యూయార్క్ ఆర్కిటెక్టుది. లోపలికి వెళ్లగానే మూడంతస్తుల ఎత్తున తెరిచి ఉన్న హాలు, పైన రంగుటద్దాల కప్పు, మధ్యలో మహాగని చెక్కతో చేసి పైకి పోతూ రెండుగా చీలే మెట్లు. అప్పటి వైట్ స్టార్ కంపెనీ ఓడల్లోని మెట్లను చూసి చేయించారని చెబుతారు. బెల్జియం రాజు లియోపోల్డ్ వస్తాడని ప్రత్యేకంగా గదులు సిద్ధం చేశారు. ఆయన రానేలేదు.

ఈ వివరాలు ఆర్భాటం గురించి కాదు, ఇల్లు పనిచేసే తీరు గురించి. అలాంటి మేడలో సగం చోటు కాపురానికి సంబంధించింది కాదు. పెద్ద హాలు, డ్యాన్సు గది, సంగీతపు గది, భోజనశాల ఇవన్నీ బయటివాళ్ల కోసం. అతిథి ఒక దారిన వస్తే వడ్డించేవాళ్లు వెనక మెట్ల మీదుగా మరో దారిన వస్తారు. వంటిల్లు నేలమాళిగలో, పనివాళ్ల పడకలు పై అంతస్తులో. పొయ్యిలు, బాయిలర్లు, వెండి సామాను తోమడం, చలికాలంలో బొగ్గు వేయడం వంటి పనులన్నీ పదిపదిహేను మంది జీతగాళ్లుంటే తప్ప సాగవు. విందులు ఆగిన రోజున ఆ ఇల్లు ఖాళీగా ఉన్నట్టు కనిపించదు, అర్థం లేకుండా ఉన్నట్టు కనిపిస్తుంది.

విందులు ఆగడానికి కారణం పన్నులు, చావులు, అప్పులు. 1913లో అమెరికా రాజ్యాంగానికి 16వ సవరణ వచ్చి కేంద్ర ఆదాయపు పన్ను మొదలైంది. పై శ్లాబు అప్పుడు 7 శాతం, మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే 1918కి 77 శాతం. 1916లో వారసత్వపు ఆస్తి మీద పన్ను వచ్చింది. మొదట్లో గరిష్ఠంగా 10 శాతమే. 1941 నుంచి కోటి డాలర్లు దాటిన భాగం మీద 77 శాతం. వాల్ష్ ఇల్లు కట్టే నాటికి ఈ రెండు పన్నులూ లేవు. అతని లెక్కల్లో ఇవి లేవంటే తప్పు అతనిది కాదు.

కొడుకు 1905లో కారు ప్రమాదంలో పోయాడు. వాల్ష్ 1910లో పోయాడు. భార్య 1932లో పోయేదాకా అక్కడే ఉంది. ఆ తర్వాత ఇల్లు కూతురు ఎవలిన్ చేతికొచ్చింది. 1932 అంటే మహామాంద్యం అడుగు తాకిన ఏడాది. ఎవలిన్ భర్త నెడ్ మెక్లీన్ కుటుంబం చేతిలో ఉన్న వాషింగ్టన్ పోస్ట్ పత్రిక దివాలా తీసి, 1933లో వేలంలో 8,25,000 డాలర్లకు పోయింది. ఒక దినపత్రిక మొత్తానికి పలికిన ధర, ముప్పై ఏళ్ల కిందట ఈ ఒక్క ఇంటికైన ఖర్చుకన్నా పదివేలు తక్కువ.

ఇక్కడే తెలుగు నేల కథలోకి వస్తుంది. ఎవలిన్ మెడలో ఉండేది హోప్ వజ్రం. ఈ నీలి రాయి కృష్ణా తీరంలోని కొల్లూరు గనిదని పరిశోధకుల అభిప్రాయం. ఆ చోటు ఇప్పటి పల్నాడు జిల్లాలో, పులిచింతల ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే దాన్ని 17వ శతాబ్దంలో ఇక్కడ సంపాదించినప్పుడు సుమారు 115 క్యారెట్లు. 14వ లూయీ చేతికి 1668లో చేరింది. అక్కడ కోతకు గురై, 1792లో దొంగల పాలై, లండన్‌లో తేలే నాటికి 45 క్యారెట్ల రాయి. ఎవలిన్ 1911లో పియర్ కార్టియే అనే నగల వ్యాపారి దగ్గర 1,80,000 డాలర్లకు కొన్నది. ఆమె 1947లో పోయాక అప్పులు తీర్చడానికి 1949లో నగలన్నీ హ్యారీ విన్‌స్టన్ అనే వజ్రాల వ్యాపారికి అమ్మారు. రెండేళ్లకు ఇల్లూ అమ్మారు. వజ్రం వల్ల శాపం తగిలిందని కథలు కడతారు. శాపం సంగతేమో గానీ, వజ్రాన్ని తాకట్టు పెట్టవచ్చు, జేబులో వేసుకుని వెళ్లవచ్చు. అరవై గదుల ఇల్లు కూర్చున్నచోటే కూర్చుని ఏటా పన్ను, బొగ్గు, జీతాలు తింటుంది. ఎవలిన్ ఆ రాయిని చనిపోయేదాకా ఉంచుకుని, ఇంటిని మాత్రం ముందే అద్దెకిచ్చింది.

అద్దెకున్నదీ ప్రభుత్వమే. 1935లో రూజ్‌వెల్ట్ సర్కారు, కరవుకు చెదిరిపోయిన రైతులకు పునరావాసం కల్పించే సంస్థను ఈ మేడలో పెట్టింది. డ్యాన్సులాడిన గదుల్లో టైపు మిషన్లు, గుమాస్తాల బల్లలు వచ్చాయి. అద్దె ఆఫీసు ఏ ఇంటికైనా మేలు చేయదు. పనికి అడ్డమొచ్చిన గోడను చెక్కతో మూస్తారు, అలంకారపు కప్పుకు మేకులు కొట్టి దీపాలు వేలాడదీస్తారు. అయినా కూల్చివేతతో పోలిస్తే అది నయమే. డూపాంట్ సర్కిల్ చుట్టుపక్కల ఆ తరం మేడలు చాలా కూలిపోయి, వాటి స్థానంలో ఆఫీసు కట్టడాలు లేచాయి.

కొన్నది రెండేళ్ల వయసున్న రాజ్యం

ఇండోనేషియాకు డచ్చివాళ్లు సార్వభౌమాధికారం అప్పగించింది 1949 డిసెంబరు 27న. మేడ కొన్నది 1951 డిసెంబరులో. అమెరికాకు ఆ దేశపు తొలి రాయబారి అలీ సస్త్రోఅమిజోజో. నాలుగేళ్ల తర్వాత ఆసియా, ఆఫ్రికా దేశాల బాండుంగ్ సదస్సు నడిచినప్పుడు ప్రధాని ఆయనే. ఖజానా అంతంతమాత్రమైన కొత్త దేశం మేడ కొనడం దుబారా అనిపించవచ్చు. లెక్క వేస్తే కాదు. రాయబారి పని జరిగేది సగం బల్ల మీద, సగం భోజనాల దగ్గర. నాలుగైదు వందలమందిని పిలిచే జాతీయ దినోత్సవానికి హోటల్ అద్దె ఏటా కట్టడమో, ఆ పనికే కట్టిన హాలును చవకగా కొనడమో తేల్చుకోవాలి. స్థలం కొని కొత్తగా కట్టాలంటే మూడు నాలుగేళ్లు. అమ్మేవాళ్ల వైపు చూస్తే, అంత పెద్ద ఇల్లు కొనే కుటుంబమంటూ 1951లో లేదు. కాబట్టి ధర కొనేవాడు చెప్పిందే.

ఇదే దారిలో అంతకుముందే కొందరు నడిచారు. సోడా సీసా మూతల వ్యాపారంలో గడించిన ఎడ్వర్డ్ ఎవరెట్ అనే ఆయన షెరిడన్ సర్కిల్ దగ్గర కట్టిన మేడను టర్కీ 1936లో కొన్నది. మన దేశపు ఎంబసీ ఉన్న 2107 నంబరు భవనమూ పాత ప్రైవేటు ఇల్లే. 1946లో, అంటే స్వాతంత్ర్యం కంటే ముందే, భారత ప్రభుత్వం పేరున కొన్నారు. బ్రిటన్ మాత్రం వేరే పని చేసింది. పాత ఇల్లు వెతకకుండా ఊరికి ఎగువన స్థలం కొని లుట్యెన్స్ అనే ఆర్కిటెక్టు చేత కొత్తది కట్టించింది. అది 1930లో పూర్తయింది. అదే లుట్యెన్స్ అదే కాలంలో ఢిల్లీలో ఏడో నిజాం కోసం హైదరాబాద్ హౌస్ కట్టాడు. ఇప్పుడు మన ప్రధాని విదేశీ నేతలకు విందులిచ్చేది అక్కడే. అంటే ఇంటి కథ తిరగబడింది. ఒక సంస్థానాధీశుడి ప్రైవేటు మేడ, సొంత దేశపు దౌత్యానికే విందుశాల అయింది.

ఇవన్నీ సొంతానికి కొన్న లెక్కలు. కొనకుండా మేడ దక్కించుకునే పద్ధతి కూడా ఒకటుంది. రోమ్‌లోని ఫార్నీజ్ మేడ 16వ శతాబ్దంలో ఒక కార్డినల్ కట్టించుకున్న ఇల్లు. ఫ్రాన్సు దాన్ని 1911లో కొన్నది. ఇటలీ 1936లో తిరిగి కొని, 99 ఏళ్లకు నామమాత్రపు అద్దె మీద ఫ్రాన్సుకే ఇచ్చింది. బదులుగా పారిస్‌లో ఒక పాత మేడను అంతే నామమాత్రపు అద్దెకు తన ఎంబసీ కోసం తీసుకుంది. పరస్పరం అన్న మాట దౌత్యంలో ఊరికే వాడేది కాదు, అద్దె రసీదు మీద కూడా అదే ఉంటుంది.

నేల మారదు, తలుపు మారుతుంది

ఎంబసీ అంటే ఆ దేశపు భూభాగమేనని చదువుకున్నవాళ్లూ నమ్ముతారు. తప్పు. 2020 నంబరు ఇల్లు వాషింగ్టన్ నగరమున్న కొలంబియా జిల్లాలోనే ఉంది, అమెరికా నేల మీదే ఉంది. అక్కడ బిడ్డ పుడితే ఇండోనేషియాలో పుట్టినట్టు కాదు. అక్కడ హత్య జరిగితే అమెరికా చట్టం కిందే నేరం. మారింది ఒక్కటే: తలుపు తోసుకుని లోపలికి వెళ్లే అధికారం అమెరికా పోలీసుకు ఉండదు.

దీనికి ఆధారం 1961 ఏప్రిల్ 18న కుదిరి 1964లో అమల్లోకి వచ్చిన దౌత్య సంబంధాల వియన్నా ఒప్పందం. 22వ అధికరణం మూడు మాటలు చెబుతుంది. మిషన్ (దౌత్య కార్యాలయం) అధిపతి ఒప్పుకోనిదే ఆతిథ్య దేశపు అధికారులెవరూ లోపల అడుగు పెట్టరాదు. బయటినుంచి దాడి, అల్లరి జరగకుండా కాపాడే బాధ్యత ఆతిథ్య దేశానిదే. ఆ కట్టడాన్ని, లోపలి సామానును, వాహనాలను సోదా చేయడం, జప్తు చేయడం కుదరదు. మొదటి అధికరణంలోని నిర్వచనం ఇంకా ఆసక్తికరం. ఇల్లు ఎవరి పేరున ఉందన్నది లెక్కలోకి రాదు. మిషన్ పనికి వాడుతున్నారా లేదా అన్నదే కొలత. అద్దె ఇంటికీ సొంత ఇంటికీ రక్షణ ఒకటే. వాడకం ఆగిపోతే రక్షణ బలం కూడా సడలుతుంది. ఈ చివరి మాట దగ్గరే తగాదాలు పుడతాయి.

నిప్పు అంటుకుంటే? ఎంబసీ విషయంలో ఒప్పందం మినహాయింపు ఇవ్వలేదు. ఫైరింజను గేటు దగ్గర ఆగి అడగాల్సిందే. మాస్కోలో 1977 ఆగస్టు 26న అమెరికా ఎంబసీ తగలబడినప్పుడు మంటలార్పడానికి వచ్చినవాళ్లలో గూఢచారులు కలిశారని అమెరికన్లు అనుమానించారు. అలాంటి భయం ఉండబట్టే దేశాలు మినహాయింపు రాసుకోలేదు. కాన్సులేట్‌కు మాత్రం 1963 నాటి వేరే ఒప్పందం వర్తిస్తుంది. దాని 31వ అధికరణం ప్రకారం మంటలు గానీ మరో విపత్తు గానీ వస్తే ఒప్పుకున్నట్టే లెక్క, నేరుగా లోపలికి వెళ్లవచ్చు. పైగా కాన్సులేట్‌లో రక్షణ ఉండేది పూర్తిగా ఆఫీసు పనికి వాడే భాగానికే. వీసా కోసం మన జనం వరస కట్టే చోట్లు చాలావరకు ఈ రెండో రకానివి. ఎంబసీ, కాన్సులేట్ అన్న మాటల్ని ఒకే అర్థంలో వాడేవాళ్లు ఈ తేడా దగ్గర తడబడతారు.

పన్ను సంగతి 1961 ఒప్పందంలోని 23వ అధికరణంలో ఉంది. సొంతమైనా అద్దెదైనా మిషన్ భవనానికి జాతీయ, ప్రాంతీయ, మున్సిపల్ పన్నులు లేవు. ఇంటిపన్ను పోతుంది. నీళ్లు, కరెంటు లాంటి ప్రత్యేక సేవలకు ఛార్జీ మాత్రం కట్టాలి. ఎంబసీకి ఇల్లమ్మినవాడికి, అద్దెకిచ్చినవాడికి వాళ్ల వాటా పన్నులోంచి మినహాయింపు రాదు. ఇది తెలియక అద్దె ఒప్పందంలో పన్ను ఎవరు కట్టాలో రాసుకోకుండా ఇల్లిచ్చిన యజమాని, ఏడాది చివర మున్సిపల్ నోటీసు చూసి కంగుతింటాడు.

మినహాయింపు ఎక్కడిదాకా అన్న ప్రశ్న మీద మన దేశమే అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి దగ్గరి భారత మిషన్‌ది ఆర్కిటెక్టు చార్లెస్ కొరియా రూపకల్పన చేసిన 26 అంతస్తుల కట్టడం. అందులో 20 అంతస్తులు కింది స్థాయి ఉద్యోగుల కాపురాలు. ఆఫీసుకూ రాయబారి నివాసానికే మినహాయింపు, మిగతా అంతస్తులకు పన్ను కట్టండని నగరపాలక సంస్థ దావా వేసింది. 2003 ఫిబ్రవరి నాటికి వడ్డీతో కలిపి లెక్క దాదాపు 1.64 కోట్ల డాలర్లు. నగరం దావా వేయవచ్చని 2007 జూన్ 14న సుప్రీంకోర్టు 7–2 మెజారిటీతో చెప్పింది. రెండేళ్లకు అమెరికా విదేశాంగ శాఖ కల్పించుకుని, ఇలాంటి ఉద్యోగుల నివాసాలకూ పన్ను లేదని ఉత్తర్వు తెచ్చింది. అప్పీలు కోర్టు దాన్ని 2010లో సమర్థించింది. విదేశాంగ శాఖ భయం సులువుగా అర్థమవుతుంది. ఈ ఊళ్లో వాళ్ల దగ్గర వసూలు చేస్తే రేపు ఢిల్లీలో, మిగతా రాజధానుల్లో అమెరికా సిబ్బంది ఇళ్లకు నోటీసులు వస్తాయి.

జప్తు కుదరదన్న నియమం గురించి కాంట్రాక్టర్లకు, బ్యాంకులకు బాగా తెలుసు. మరమ్మతు బిల్లు ఎగ్గొడితే దావా వేసి గెలవవచ్చేమో గానీ, పనిచేస్తున్న ఎంబసీ భవనాన్ని వేలం వేయించలేరు. అందుకే అనుభవమున్న కాంట్రాక్టరు పనిని దశలుగా విడగొట్టి, ఒక్కో దశ డబ్బు ముందే తీసుకుంటాడు. చివరి బిల్లు పెద్దదిగా మిగలనివ్వడు.

ఇల్లు ఆఫీసు కావాలంటే

కాగితాల మీద ముందు ఒక మెట్టుంది. అమెరికాలో 1982 నాటి ఫారిన్ మిషన్స్ చట్టం ప్రకారం ఏ విదేశీ మిషనైనా ఇల్లు కొనాలన్నా అమ్మాలన్నా విదేశాంగ శాఖకు ముందు తెలపాలి. అరవై రోజులు ఆగాకే ఒప్పందం కుదుర్చుకోవాలి, లేదా శాఖ అంతకన్నా ముందే సరే అనాలి. వాషింగ్టన్‌లో నివాసానికీ ఆఫీసుకూ చట్టం తేడా చూస్తుంది. రాయబారి ఉండే ఇంటికి పెద్దగా అడ్డు లేదు. ఆఫీసు పెట్టాలంటే చాలాచోట్ల జోనింగ్ బోర్డు (ఏ చోట ఏ పనికి భవనం వాడవచ్చో తేల్చేది) ముందు నిలబడాలి. బోర్డు ఆరు నెలల్లో తేల్చాలి. చూసేవి ఆరు అంశాలు. అంతర్జాతీయ బాధ్యత, చారిత్రక కట్టడాల నియమాలు, పార్కింగు, భద్రత వాటిలో ఉన్నాయి. పొరుగువాళ్లు ఎక్కువగా పట్టుకునేది పార్కింగునే.

ఆ పైన ఇంజనీరు పని. వందేళ్ల మేడలో నేల ఎంత బరువు మోస్తుందన్నదే మొదట చూడాలి. మన ఐఎస్ 875 ప్రమాణంతో పోల్చి చెబితే, నివాసపు గదికి చదరపు మీటరుకు 200 కిలోల బరువు లెక్క వేస్తారు. ఆఫీసుకు 250 నుంచి 400, ఫైళ్ల గదికి 500. పడకగదిలో వరసగా ఇనుప బీరువాలు, పాస్‌పోర్టులు దాచే ఖజానా పెట్టెలు దించితే చెక్క దూలం వెంటనే విరగదు. మెల్లగా వంగుతుంది. కింది గది కప్పుకున్న సున్నపు అలంకారంలో గీతలు పడతాయి, ముక్కలు రాలతాయి. ఆ రాలే ముక్కలు చూసి కప్పుకు పూత వేస్తారు తప్ప పైనున్న బీరువాలు కదపరు. తెలిసినవాళ్లు బరువైన రికార్డులన్నిటినీ నేలమాళిగకు, లేదా పక్కన కొత్తగా కట్టిన అనుబంధ భవనానికి పంపుతారు. ఇండోనేషియా కూడా 1980లలో ఈ మేడకు జోడింపు కట్టింది. పాత మేడకు విందులూ సభలూ, కొత్త భాగానికి కాగితాలూ వదిలేస్తే రెండూ బతుకుతాయి.

రెండోది మంట. మూడంతస్తుల ఎత్తున తెరిచి ఉండే హాలు కంటికి అందం, నిప్పుకు పొగగొట్టం. కింద పుట్టిన పొగ క్షణాల్లో పై వరండాలకు చేరి, దిగాల్సిన ఒకే ఒక్క పెద్ద మెట్ల దారిని మూసేస్తుంది. ఒకప్పుడు పనివాళ్లు తిరిగిన వెనక మెట్లు ఇక్కడ ప్రాణాలు కాపాడతాయి. వాటికి మంట తట్టుకునే తలుపులు బిగించి బయటి దారి చేయాలి. చాలాచోట్ల ఆ ఇరుకు మెట్లను స్టోరు గదిగా వాడేసి పాత అట్టపెట్టెలతో నింపుతారు. ఫైరింజను కూడా గేటు దగ్గర అనుమతి అడగాల్సిన భవనంలో ఇది చిన్న తప్పు కాదు.

కరెంటు తీగలది ఇంకో తలనొప్పి. 1900 ప్రాంతంలో ఇళ్లకు తీగలు లాగిన పద్ధతిలో పింగాణీ గుబ్బల మీదుగా, గోడల మధ్య ఖాళీలోంచి విడివిడి తీగలు పోతాయి. భూమికి కలిపే ఎర్తింగు ఉండదు. దీపాలకు సరిపోయిన ఆ తీగ మీద ఏసీలు, సర్వర్లు పడితే పైపొర ఎండి పగులుతుంది. కొత్త తీగ వేయాలంటే చెక్కపలకల గోడను పగలగొట్టాలి, పగలగొడితే చారిత్రక విలువ పోతుంది. అందుకే వాడని పొయ్యి గొట్టాలు, వంటింటినుంచి భోజనశాలకు గిన్నెలు పైకి లాగే పాత సొరంగం, పనివాళ్ల వెనక దారులు వెతికి వాటిలోంచి కేబుళ్లు లాగుతారు. పాత మేడ ప్లాను చదవడం వచ్చిన ఎలక్ట్రీషియన్ దొరికితే సగం ఖర్చు మిగిలినట్టే.

రంగుటద్దాల కప్పు దగ్గర కారణం తెలుసుకోకుండా చేయి పెట్టకూడదు. అద్దం ముక్కల్ని పట్టి ఉంచేది సీసపు పట్టీ. ఎండకు సాగి, చలికి ముడుచుకుని దశాబ్దాలు గడిచేసరికి పట్టీ అలసి, కప్పు మధ్యలో కిందికి దిగుతుంది. నీళ్లు కారడం మాత్రం సాధారణంగా దానివల్ల కాదు. పైన వాన కాపాడే మరో గాజుకప్పు ఉంటుంది, దాని అంచుల తగరపు అతుకులు తెరుచుకుంటాయి. లోపలి రంగుటద్దానికి సిలికాను పూసి మూసేస్తే నీళ్లు రెండు కప్పుల మధ్య నిలిచి ఇనుప చట్రాన్ని తుప్పు పట్టిస్తాయి.

భద్రత మాటకొస్తే మేడ చేతులెత్తేస్తుంది. 1998లో నైరోబీ, దారెస్సలాంలలోని తన ఎంబసీల దగ్గర జరిగిన పేలుళ్ల తర్వాత అమెరికా 1999లో చట్టం చేసి, తన కొత్త రాయబార భవనాలు రోడ్డునుంచి వంద అడుగులు లోపలికి ఉండాలంది. మసాచుసెట్స్ అవెన్యూ మీది మేడల్లో చాలావాటి ముఖద్వారం కాలిబాటనుంచి కొద్ది అడుగుల దూరమే. ఊరికి చూపించుకోవడానికి కట్టిన ఇళ్లు మరి. గోడ ఎత్తు పెంచుదామంటే చారిత్రక ప్రాంతపు నియమాలు అడ్డు. ఉన్న కిటికీల లోపలి వైపు గాజు పగిలి చిమ్మకుండా పొర అంటించడం, తేలిగ్గా తీసేయగల కడ్డీల కంచె, లోపల రెండో తలుపు లాంటి సర్దుబాట్లతో నెట్టుకొస్తారు.

ఇల్లు వదిలేటప్పుడు

హైదరాబాదుకు ఇది దగ్గరి అనుభవం. ఫలక్‌నుమా కట్టించి అప్పుల్లో మునిగి దాన్ని ఆరో నిజాంకు అప్పగించిన వికారుల్ ఉమ్రా, ఆ తర్వాత బేగంపేటలో కట్టుకున్నది పైగా ప్యాలెస్. కాలక్రమంలో అది నగరాభివృద్ధి సంస్థ ఆఫీసయింది. 2008లో అమెరికా కాన్సులేట్‌కు లీజుకు వెళ్లింది. స్వాతంత్ర్యం తర్వాత భారత్‌లో అమెరికా కొత్తగా తెరిచిన తొలి దౌత్య కార్యాలయం అదే. రెండు తెలుగు రాష్ట్రాలనుంచి వీసా ఇంటర్వ్యూలకు వచ్చిన వేలాది కుటుంబాలు ఆ ప్యాలెస్ ప్రహరీ బయటే ఫైళ్లు పట్టుకుని ఎదురుచూశాయి. 2023 మార్చిలో కాన్సులేట్ నానక్‌రామ్‌గూడలో 12.2 ఎకరాల్లో, 34 కోట్ల డాలర్లతో కట్టిన సొంత భవనానికి మారింది. అక్కడ వీసా కిటికీలే 54. ఏ నవాబు మేడలోనూ అన్ని కిటికీలకు చోటుండదు. ప్యాలెస్ తిరిగి రాష్ట్ర ప్రభుత్వం చేతికొచ్చింది. లీజు కాబట్టి అంత సాఫీగా జరిగింది.

సంబంధాలు తెగినప్పుడు అలా జరగదు. 1961 ఒప్పందంలోని 45వ అధికరణం ప్రకారం యుద్ధమొచ్చినా సరే ఆతిథ్య దేశం ఆ భవనాన్ని, సామానును కాపాడాలి. 1980 ఏప్రిల్‌లో అమెరికా, ఇరాన్ తెగతెంపులు చేసుకున్నాక వాషింగ్టన్‌లోని ఇరాన్ ఆస్తుల బాధ్యత అమెరికా విదేశాంగ శాఖ మీద పడింది. వాటిలో ఇళ్లను అద్దెకిచ్చి, వచ్చిన డబ్బుతో మరమ్మతులు చేయించింది. అఫ్గాన్ ఎంబసీ 2022లో మూతపడ్డప్పుడూ తాళాలు ఆ శాఖకే చేరాయి. అమ్మడానికి హక్కు లేదు, వదిలేయడానికి వీలు లేదు.

లండన్ చేదుగా నేర్చుకుంది. సెయింట్ జేమ్స్ స్క్వేర్‌లోని 5వ నంబరు 18వ శతాబ్దపు ప్రభువుల ఇల్లు, తర్వాత లిబియా మిషన్. 1984 ఏప్రిల్ 17న దాని కిటికీలోంచి వచ్చిన తూటాలకు ఇవాన్ ఫ్లెచర్ అనే మహిళా కానిస్టేబుల్ చనిపోయింది. పోలీసులు చుట్టుముట్టారు కానీ లోపలికి వెళ్లలేదు. పదకొండో రోజున లోపలున్నవాళ్లందరినీ దేశం దాటించాల్సి వచ్చింది. మూడేళ్లకు బ్రిటన్ చట్టం చేసింది. ఏ ఇల్లు దౌత్య భవనమో కాదో ఒప్పుకునే అధికారం విదేశాంగ మంత్రిది, వాడకం ఆపేసి ఊరికే పాడుబెట్టిన ఇంటికి ఆ హోదా పోతుంది. ఇల్లు ఎంబసీ అయ్యే క్షణం ఒక దేశం నిర్ణయిస్తే సరిపోదు, రెండో దేశం తల ఊపాలని అప్పుడు స్పష్టంగా రాసుకున్నారు.

వాషింగ్టన్ వెళ్లేవాళ్లకు ఒక మాట. డూపాంట్ సర్కిల్‌లో దిగితే 2020 నంబరు ఇండోనేషియా మేడ ముందు వస్తుంది, కాస్త పైకి 2107 మన ఎంబసీ, దాని ఎదుట చిన్న పార్కులో 2000లో పెట్టిన గాంధీ విగ్రహం. పాస్‌పోర్టు పని మీద వెళ్లినవాళ్లు 2107 దగ్గర ఆగిపోకూడదు, కాన్సులర్ విభాగం ఇంకా పైన 2536లో ఉంది. మేడలు చాలావరకు బయటినుంచి చూడాల్సిందే. మే నెలలో కొన్ని ఎంబసీలు ఒక రోజు జనానికి తలుపులు తీస్తాయి. కొల్లూరు రాయి చూడాలంటే మాత్రం క్రిస్మస్ తప్ప ఏ రోజైనా సరే, టికెట్టు లేదు. హ్యారీ విన్‌స్టన్ 1958లో దాన్ని ఇదే ఊళ్లోని స్మిత్సోనియన్ మ్యూజియానికి ఇచ్చేశాడు. న్యూయార్క్‌నుంచి రిజిస్టర్డ్ పోస్టులో పంపాడు. మొత్తం ఖర్చు 145 డాలర్ల 29 సెంట్లు, అందులో తపాలా బిళ్లల ధర 2 డాలర్ల 44 సెంట్లు, మిగతాది బీమా.